కారులోని ఎయిర్‌బ్యాగ్: హెచ్చరిక దీపము చెప్పు మాట

మన గ్రామములలో రవాణా సౌకర్యములు ఎంతయో మారినవి. ఒకప్పుడు ఊరిలోనికి కారు వచ్చినచో పిల్లలందరును దాని వెంట పరుగిడెడివారు. నేడు పెండ్లికైనను, తిరుపతి యాత్రకైనను, వేళగాని వేళ ఆసుపత్రికైనను గ్రామస్థులు సొంత కారులోనే బయలుదేరుచున్నారు. ఈ కార్లలో పది పదునైదు సంవత్సరములు పట్టణములలో తిరిగి, రెండవ చేతికో మూడవ చేతికో వచ్చినవి అనేకము కలవు.

పాత కారు కొనువారు ఇంజను ధ్వని విందురు. టైర్లు చూతురు. ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో, కాగితములు సరిగ నున్నవో లేవో అడుగుదురు. ఎయిర్‌బ్యాగ్ సంగతి మాత్రము అడుగువారు అరుదు. కారణము స్పష్టమే. అది చెడిపోయినను కారు నడచుట ఆగదు. చమురు ఖర్చు పెరుగదు. దాని లోపము బయటపడునది ప్రమాదము జరిగిన ఆ ఒక్క క్షణమున మాత్రమే. అప్పుడు చేయదగిన దేమియు ఉండదు. కావున ముందుగనే తెలిసికొను మార్గములను పంచాయతీ సభ్యుల కొరకు ఇచ్చట వివరించుచున్నాము.

పనిచేయు విధానము

ఎయిర్‌బ్యాగ్ అనగా మడిచి యుంచిన నైలాను సంచి. డ్రైవరు కొరకు స్టీరింగు చక్రము మధ్యను, ప్రక్కవాని కొరకు డ్యాష్‌బోర్డు లోపలను దీనిని అమర్చుదురు. కారు ముందుభాగము దేనినైనను బలముగ ఢీకొన్నప్పుడు సెన్సారు అనబడు పరికరములు ఆ దెబ్బను కనిపెట్టి, కంట్రోల్ యూనిట్ అను చిన్న పెట్టెకు తెలుపును. ఆ పెట్టె విద్యుత్తును పంపగనే సంచి వెనుకనున్న మందు అంటుకొని వాయువు పుట్టును. సెకనులో ఇరువదవ వంతు కన్న తక్కువ కాలములో సంచి ఉబ్బి, తల స్టీరింగునకు కొట్టుకొనకుండ అడ్డుపడును. వెంటనే వాయువు రంధ్రముల గుండా వెడలి సంచి మెత్తబడును. ఆ సమయమున తెల్లని పొడి లేచును. అది చూచి కారు కాలుచున్నదని భయపడనవసరము లేదు.

ప్రతి దెబ్బకును సంచి తెరచుకొనదు. గట్టి గోడను సుమారు 20 నుండి 25 కిలోమీటర్ల వేగముతో ఢీకొన్నంత దెబ్బ ముందువైపున తగిలినప్పుడే సాధారణముగ తెరచుకొనును. వెనుకనుండి లారీ తగిలినను, కారు మెల్లగ కాలువ గట్టు జారినను ముందు సంచులు తెరచుకొనకపోవచ్చును. దానిని లోపమనుట సరికాదు.

మన దేశములో క్రొత్త కార్లన్నింటికి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుండి తప్పనిసరియైనది. ప్రక్కసీటునకు కూడ ఈ నియమము 2021లో వచ్చినది. అంతకు ముందు తయారైన కార్లలో కొన్నింటికి అసలు ఎయిర్‌బ్యాగ్ లేదు. కొన్నింటికి డ్రైవరు వైపు మాత్రమే కలదు. స్టీరింగు నడుమను, డ్యాష్‌బోర్డు మీదను ‘ఎయిర్‌బ్యాగ్’ అనిగాని ‘ఎస్.ఆర్.ఎస్.’ అనిగాని ముద్రించి యున్నదా యని చూచుట మొదటి పరీక్ష.

దీపమును చదువుట

డ్రైవరు ఎదుట మీటర్ల నడుమ ఒక చిన్న దీపము కలదు. కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రని బంతి ఉన్న బొమ్మ దానిపై నుండును. తాళము త్రిప్పగనే కంట్రోల్ యూనిట్ తన తీగలన్నింటిని తానే పరీక్షించుకొనును. ఆ ఫలితమును ఈ దీపము తెలుపును.

దీపము వెలిగి, కొన్ని సెకనులలో ఆరిపోయినచో పరీక్షలో లోపము కనబడలేదని అర్థము. వెలిగి ఆరకున్నను, మిణుకుమిణుకుమనుచున్నను లోపము కలదు. అట్టి స్థితిలో చాల కార్లలో ప్రమాదము జరిగినను సంచి తెరచుకొనకపోవచ్చును. ఇక తాళము త్రిప్పినప్పుడు దీపము అసలు వెలుగనిచో అది అన్నింటికంటె అనుమానింపదగిన స్థితి. దీపము మాడిపోయి యుండవచ్చును. లేదా లోపమును దాచుటకై ఎవరైనను తీసివేసి యుండవచ్చును. ఆరని దీపము నిజము చెప్పుచున్నది. వెలుగని దీపము నోరు మూయబడినది.

సాధారణముగ కలుగు లోపములు

దీపము ఆరకపోవుటకు కారణము ప్రతిసారియు పెద్దది కానక్కరలేదు. ముందుసీట్ల క్రింద, చాల కార్లలో పసుపుపచ్చని కనెక్టర్లతో కూడిన తీగలు కలవు. సీటును ముందునకు వెనుకకు జరుపుట వలనను, సీటు క్రింద సంచులు, సీసాలు దూర్చుట వలనను ఇవి వదులగును. ధాన్యపు గాదె ప్రక్కను, పశువుల కొట్టమునందును నిలిపిన కార్లలో ఎలుకలు తీగలను కొరుకుట కూడ కలదు. నెలల తరబడి కదలక, సంక్రాంతికి మాత్రమే బయటకు తీయు కారులో బ్యాటరీ బలము తగ్గి దీపము వెలుగవచ్చును.

స్టీరింగు చక్రము క్రింద క్లాక్ స్ప్రింగు అను చుట్టతీగ కలదు. చక్రము ఎటు తిరిగినను విద్యుత్తు సంచికి అందునట్లు చేయునది ఇదియే. ఏండ్లు గడచిన కొలది అది అరిగి తెగును. ఎయిర్‌బ్యాగ్ దీపము వెలుగుటతోపాటు హారను కూడ మ్రోగకున్నచో ఈ చుట్టతీగను అనుమానింపవలెను.

నీరు మరియొక శత్రువు. కంట్రోల్ యూనిట్ చాల కార్లలో గేరు కడ్డీ దగ్గర, నేలకు ఆనుకొని యుండును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోను, మున్నేరు పొంగి ఖమ్మములోను వీధులు మునిగినప్పుడు వాహనములు అనేకము నీట నానినవి. వరదలో మునిగిన కారు పైకి కడిగి తుడిచిన తరువాత క్రొత్తదివలె కనబడును. లోపల తుప్పు మాత్రము ఆగదు. కొనువారు సీటుబెల్టును చివరిదాక లాగి బురద చారలున్నవేమో చూడవలెను. సీట్లను నేలకు బిగించిన మరల తుప్పును, తివాచీ క్రింది వాసనను కూడ గమనింపవలెను.

కారు ముందు ఇనుప చట్రము బిగించుట మన ప్రాంతములలో ఒక అలవాటు. దెబ్బ సెన్సారునకు చేరవలసిన తీరును అది మార్చివేయును. ఇట్టి చట్రములను తొలగింపవలెనని కేంద్ర రహదారి రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. ప్రక్కసీటు ఎదుట డ్యాష్‌బోర్డుపై దేవుని ప్రతిమలను అతికించుట కూడ అపాయకరము. సంచి తెరచుకొనునప్పుడు ఆ ప్రతిమయే రాయివలె ఎగిరి ముఖమునకు తగులును. భక్తితో ఉంచుకొనదలచినవారు చిన్న పటమును సంచి మూతకు దూరముగ ఉంచుకొనుట మంచిది.

దీపము చెప్పలేని లోపము

ఒక లోపమును మాత్రము ఈ దీపము చూపజాలదు. జపానుకు చెందిన టకాటా కంపెనీ తయారు చేసిన ఎయిర్‌బ్యాగులలో అమ్మోనియం నైట్రేట్‌తో కూడిన మందును వాడిరి. ఏండ్ల తరబడి వేడిమికి, తేమకు గురియై ఆ మందు చెడినది. అట్టి మందు అంటుకొన్నప్పుడు మితిమీరిన బలముతో ప్రేలి, దానిని ఉంచిన లోహపు డబ్బా ముక్కలై ప్రయాణికులకు గ్రుచ్చుకొనినది. ఒక్క అమెరికాలోనే ఇట్టి డబ్బాలను సుమారు 6 కోట్ల 70 లక్షలు వెనుకకు పిలిచిరి. 2017 జూనులో ఆ కంపెనీ దివాలా తీసినది. మన దేశములోను హోండా, టయోటా, నిస్సాన్ మున్నగు కంపెనీలు అట్టి కార్లను పిలిచి డబ్బాలను మార్చినవి. వేడిమి, తేమ రెండును అధికముగ నుండు మన కోస్తా జిల్లాలవారు ఈ విషయమును తేలికగ తీసికొనరాదు.

ఈ విధముగ కంపెనీ తన లోపమును తానే సరిదిద్దుటకు కార్లను వెనుకకు పిలుచుటను ‘రీకాల్’ అందురు. 2023 జనవరిలో మారుతీ సుజుకీ కంపెనీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో లోపమున్నదన్న అనుమానముతో 17,362 కార్లను ఇట్లే పిలిచినది. రీకాల్ పనికి యజమాని రుసుము చెల్లించనక్కరలేదు. అయితే కారు చేతులు మారినచో కంపెనీ పంపిన కబురు మొదటి యజమానికే చేరును. గ్రామములోని మూడవ యజమానికి చేరదు. కావున పాత కారు గలవారు ఆర్.సి. పుస్తకములోని 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరును కంపెనీ సర్వీసు కేంద్రములో చూపి, తమ కారునకు రీకాల్ మిగిలియున్నదా యని విచారింపవలెను. కంపెనీ వెబ్‌సైటులో కూడ దీనిని చూచుకొనవచ్చును.

మరమ్మతు, మోసము

ఎయిర్‌బ్యాగ్ పని చెట్టుక్రింద చేయదగినది కాదు. అందు మందు కలదు. మామూలు మీటరుతో దాని తీగలను పరీక్షించినను, ఆ కొద్దిపాటి విద్యుత్తుతోనే అంటుకొనగలదు. బ్యాటరీ తీగ విప్పిన తరువాత కూడ కొంతసేపు లోపల విద్యుత్తు నిలిచి యుండును. అందుచేతనే శిక్షణ పొందిన పనివారు తయారీదారులు చెప్పిన వ్యవధి గడచువరకు వేచియుండి, పిమ్మట పని ప్రారంభింతురు. మన ఊరి మేస్త్రీలు ఇంజను పనిలో ఎంత నేర్పరులైనను, ఈ పనికి తగిన స్కానరు, శిక్షణ ఉన్నచోటికి కారును పంపుటయే వారికిని, యజమానికిని క్షేమము.

ఒకసారి తెరచుకొన్న సంచి మరల పనికిరాదు. దానితోపాటు కంట్రోల్ యూనిట్‌ను, సీటుబెల్టును బిగించు పరికరమును కూడ సాధారణముగ మార్చవలసి యుండును. ఖర్చు హెచ్చు. సమగ్ర బీమా ఉన్నచో కొంత సొమ్ము వచ్చును. సాధారణ పాలసీలలో ఎయిర్‌బ్యాగులపై తరుగుదల క్రింద నూటికి 50 వంతులు తగ్గింతురు. తృతీయపక్ష బీమా మాత్రమే ఉన్నచో ఏమియు రాదు. ఈ ఖర్చు తప్పించుకొనుటకే కొందరు మోసమునకు దిగుదురు. సంచి ఉండవలసిన చోట రెసిస్టరు అను చిన్న విద్యుత్ పరికరమును తగిలించి, పై మూత అతికింతురు. కంట్రోల్ యూనిట్ దానినే సంచియని భ్రమించును. దీపము చక్కగ వెలిగి ఆరును. కొనువాడు సంతోషించును. లోపల ఉన్నది శూన్యము.

దీపము ఒక్కదానినే నమ్మి సంతృప్తి చెందరాదనుటకు ఇదియే కారణము. స్టీరింగు మూత రంగు, డ్యాష్‌బోర్డు అతుకులు చూడవలెను. కంపెనీ సర్వీసు కేంద్రములో ఆ కారు పాత మరమ్మతుల వివరమును అడుగవలెను. బేరము కుదురకముందే తగిన మెకానిక్కుచే పరీక్ష చేయింపవలెను.

నిజముగ ఖర్చు భరింపలేని కుటుంబము ఏమి చేయవలెను? దీపమును వెలుగనిండు. దానిని తీసివేయవలదు. ఈ కారులో ఎయిర్‌బ్యాగ్ లేదని ఇంటిల్లిపాదికిని తెలియజెప్పి, వేగము తగ్గించి, బెల్టు విడువక నడుపవలెను. కారు అమ్మునప్పుడు ఆ సంగతి కొనువానికి చెప్పవలెను. చెప్పినందువలన ధర కొంత తగ్గవచ్చును. చెప్పకపోయినచో కొన్నవాని ప్రాణమునకే ముప్పు రావచ్చును.

సీటుబెల్టు మొదట

ఎయిర్‌బ్యాగ్ సీటుబెల్టునకు తోడు. దానికి బదులు కాదు. బెల్టు లేని మనిషి దెబ్బకు ముందునకు విసరబడి, తెరచుకొనుచున్న సంచికే ఎదురు పోవును. అప్పుడు రక్షింపవలసిన సంచియే గాయపరచును. డ్రైవరు రొమ్మునకు, స్టీరింగు నడిభాగమునకు మధ్య కనీసము 25 సెంటీమీటర్ల దూరము ఉండవలెను. పిల్లలను ముందుసీటులో ఒడిలో కూర్చుండబెట్టుకొనుట మహాపాయము. వారి స్థానము వెనుకసీటు. బెల్టు ధరింపనివారికి 2019 మోటారు వాహనముల సవరణ చట్టము 194-బి సెక్షను వేయి రూపాయల జరిమానా విధించుచున్నది. పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని ఏర్పరుపవలెనని కూడ అదే సెక్షను చెప్పుచున్నది.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఈ కార్యములో పంచాయతీకి పెద్ద ఖర్చు లేదు. గ్రామసభలో పది నిమిషములు కేటాయించి, దీపము మూడు స్థితులను వివరింపవచ్చును. గ్రామములోని కార్ల యజమానులను, అద్దె కార్లు నడుపువారిని ఒకచోట చేర్చి, అందరిచేతను తాళము త్రిప్పించి దీపము చూడుమనవచ్చును. ఛాసిస్ నంబరు చూచుకొనుట తెలియని పెద్దలకు చదువుకొన్న యువకులు సహాయపడవచ్చును.

ప్రమాదస్థలమునకు మొదట చేరువారు సాధారణముగ గ్రామస్థులే. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఇంజను ఆపి, తాళము తీయవలెను. తెరచుకొనని సంచి ఆలస్యముగ తెరచుకొనవచ్చును గనుక గాయపడినవారికిని, స్టీరింగునకును నడుమ తల పెట్టరాదు. ప్రక్కనుండి సహాయము చేయవలెను. ఇట్లు సద్బుద్ధితో సహాయము చేసినవారికి మోటారు వాహనముల చట్టము 134-ఎ సెక్షను రక్షణ నిచ్చుచున్నది.

పాత కారు కలిగియుండుట చిన్నతనము కాదు. దాని స్థితిని తెలియక కుటుంబమును అందు ఎక్కించుటయే అపాయము. రేపు ఉదయము తాళము త్రిప్పునప్పుడు ప్రతి యజమానియు ఆరు సెకనులు ఆగి ఆ చిన్న దీపమును చూచునట్లు పంచాయతీ సభ్యులు ప్రోత్సహించినచో, గ్రామమునకు గొప్ప మేలు చేసినవారగుదురు.