వార్తకు తోడుగా వెళ్లే ఫోటో



కోతపండుగ జరిగినా, స్త్రీల సమాజ కూటం జరిగినా నాలుగు మాటల వార్తతోపాటు ఒక ఫోటో పంపడం మన సంఘాలకు అలవాటైంది. చేతిలో ఫోన్ ఉంది గనుక పని సులువే. అయితే మాట పక్కన బొమ్మను ఉంచడం చిన్న విషయం కాదని సంఘ చరిత్ర మనకు నేర్పుతోంది.

1522 సెప్టెంబరులో మార్టిన్ లూథర్ జర్మన్ భాషలో అనువదించిన కొత్త నిబంధన అచ్చయింది. అందులో ప్రకటన గ్రంథానికి లూకాస్ క్రానాఖ్ చిత్రశాల నుండి 21 చెక్క అచ్చుల బొమ్మలు చేర్చారు. బబులోను అనే స్త్రీ తలపై పోపు ధరించే మూడంతస్తుల కిరీటం కనబడింది. వాక్యంలో లేని మాటను బొమ్మ పలికింది! అభ్యంతరాలు రాగా డిసెంబరు ముద్రణలో దాన్ని మామూలు కిరీటంగా మార్చారు.

మన ఫోటోలు కూడా మనం రాయని మాటలు పలుకుతాయి. క్రిస్మస్ దినాల్లో విధవరాండ్రకు దుప్పట్లు పంచి, ప్రేమతో ఇచ్చామని వార్త రాస్తాం. ఫోటోలో మాత్రం ఒక్క దుప్పటిని పదిమంది పట్టుకొని కెమెరా వైపు చూస్తుంటారు. మధ్యలో ఆ తల్లి తల వంచుకొని ఉంటుంది. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దని ప్రభువు కొండమీది ప్రసంగంలో హెచ్చరించాడు గదా! ఆ ఫోటో ఆమె మనుమల ఫోన్లకూ చేరుతుంది. దుప్పటి చిరిగిపోయినా ఫోటో మిగిలిపోతుంది.

కాబట్టి ఫోటో చేర్చేముందు నాలుగు సంగతులు గమనించమని మనవి చేస్తున్నాం.

మొదటిది అనుమతి. పిల్లలైతే తల్లిదండ్రులను, రోగి అయితే ఆ రోగినే అడగాలి. వద్దంటే నొచ్చుకోకూడదు. మడతపెట్టిన దుప్పట్ల దొంతర ఫోటో అయినా సంగతి చెబుతుంది.

రెండవది ఎంపిక. ఇరవై ఫోటోలు వద్దు. వార్తలోని ముఖ్య విషయాన్ని చూపించేది ఒక్కటి చాలు.

మూడవది పరిమాణం. ఫోన్‌లో తీసిన ఫోటో మూడు నాలుగు ఎంబీలు ఉండవచ్చు. ఫోన్ తెరపై చూడడానికి వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గిస్తే సరిపోతుంది. సిగ్నల్ సరిగా అందని పల్లెలో కూడా త్వరగా తెరుచుకుంటుంది. పొడవు, వెడల్పు ఒకే పాళ్లలో తగ్గించాలి. లేకపోతే ముఖాలు సాగిపోతాయి. పత్రికలో అచ్చు వేయడానికైతే తగ్గించకుండా పంపాలి.

నాలుగవది వివరణ. చూపులేనివారు టాక్‌బ్యాక్ వంటి సదుపాయంతో ఫోన్ చదివేది వింటారు. ‘సంఘ ఫోటో’ అని రాస్తే వారికేమీ తెలియదు. ‘చింతచెట్టు కింద స్త్రీలు ధాన్యపు బుట్టలతో నిలబడ్డారు’ అని రాస్తే వారూ మన ఆనందంలో పాలివారవుతారు. పిల్లల పేరు, బడి పేరు మాత్రం రాయకపోవడం మేలు.

ఫోటోలో ఉన్నది దేవుని స్వరూపమందు సృజించబడిన మనిషి. ఈ క్రిస్మస్‌కు దుప్పటి అందించే ముందు కెమెరా పక్కనపెట్టి, ఆ తల్లిని ‘అమ్మా, ఫోటో తీయవచ్చా?’ అని ఒక్క మాట అడుగుదాం.