వార్తల్లో పదం: మీడియా ట్రయల్

కోర్టులో సాక్షులు నోరు విప్పకముందే టీవీ తెర మీద, చేతిలోని ఫోన్లో హంతకుడెవరో తేలిపోవడమే మీడియా ట్రయల్. ఆదోని పత్తి యార్డులోనైనా, ఎమ్మిగనూరు టీకొట్టు దగ్గరైనా తీర్పు చెప్పడానికి ఎవరూ వాయిదా అడగరు.

2017 ఆగస్టులో కర్నూలులో ఓ స్కూలు హాస్టల్లో విద్యార్థిని శవమై కనిపించింది. అత్యాచారం చేసి చంపారన్నది తల్లిదండ్రుల ఆరోపణ. 2020 ఫిబ్రవరిలో జనసేన నేత పవన్ కల్యాణ్ ఆమెకు న్యాయం చేయాలంటూ కర్నూలులో ర్యాలీ చేశాక చర్చ మళ్లీ రాజుకుంది. ఈ గోల లేకుంటే కేసు మూలన పడేదన్న మాటను కొట్టిపారేయలేం. అయితే ఆ అమ్మాయి పేరు, ఫొటో ఊరూరా తిరిగాయి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరమన్న సంగతి ఎందరికి గుర్తుందో!

రెండో వైపు చూడాలంటే విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వెళ్లాలి. 2007 డిసెంబరులో అక్కడి హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. పోలీసులు కెమెరాల ముందు నిలబెట్టిన యువకుడికి 2010లో యావజ్జీవం పడింది. అతను కాదని మృతురాలి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసేసరికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి.

ఇలాంటి మీడియా ట్రయల్స్‌కు అడ్డుకట్ట వేసేందుకే, పోలీసులు విలేకరులకు ఏం చెప్పవచ్చో మార్గదర్శకాలు రాయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది.