దిగులుకు ప్రార్థనా కావాలి, పనీ కావాలి

మెదక్: బోరు ఎండింది, అప్పు తీరలేదు, బిడ్డ పెళ్లి దగ్గర పడింది. పడుకుంటే ఇవే ఆలోచనలు. ఇలాంటి భారంతో మెదక్ చర్చికి వచ్చి మోకరిల్లేవారు ఎందరో.

ఈ చర్చి కరువు రోజుల్లో లేచిన కట్టడమే. ఆకలితో వచ్చినవారిని పాస్నెట్ దొర ప్రార్థన చేసి పంపేయలేదు. గుడి కట్టే పని చూపించి, అన్నం పెట్టించారు. 1924 డిసెంబరు 25న చర్చికి ప్రతిష్ఠ జరిగింది.

ఫిలిప్పీయులకు పౌలు పత్రిక రాసింది చెరసాల నుంచే. చింతను మనసులో దాచుకోక దేవునికి చెప్పుకోవాలనీ, జరిగిన మేలుకు కృతజ్ఞత తెలపాలనీ నాలుగో అధ్యాయంలో ఆయన బోధ.

రాత్రి ప్రార్థనలో బెంగలను ఒక్కొక్కటిగా చెప్పుకోవాలి. అందులో రేపు మన చేతనయ్యే పని ఒకటి ఎంచుకుని, మిగతాది దేవునికి వదలాలి. పాస్టరుతోనో, నమ్మకమైన మనిషితోనో కష్టం చెప్పుకోవాలి.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకుపై విరక్తి కలిగినా అది విశ్వాసలోపం కాదు. వెంటనే డాక్టరును చూడాలి. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు.

కరువులో ప్రార్థన, పని కలిసి నడిచాయి. దిగులులోనూ అదే దారి.