అనంతగిరి గాలి, ఐదు మైక్రాన్ల పొరపాటు

తాండూరు నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: "కరోనా లాక్‌డౌన్ సడలించాక వికారాబాద్ చుట్టుపక్కల రిసార్టులు, టెంట్లు మళ్ళీ తెరిచారు కదా. గేటు దగ్గర నుదుటికి గన్ పెట్టి జ్వరం చూశారు, బ్యాగుల మీద మందు కొట్టారు, చేతుల్లో శానిటైజర్ పోశారు. ఇందులో నిజంగా పనికొచ్చింది ఏది?" ఆలస్యంగా వచ్చినా వదిలిపెట్టలేని ప్రశ్న. కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ 2.0లో వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టకు చోటు దక్కింది. రేపు అక్కడ కొత్త కాటేజీలు కట్టినా టెంట్లు వేసినా, వాటిని ఎలా కట్టాలో ఈ జవాబే చెబుతుంది. జవాబు ఒక్క మాటలో: గాలి. మందు కొట్టడానికి పడిన శ్రమలో పదో వంతు కిటికీల మీద పెట్టి ఉంటే ఎక్కువ ఫలితం ఉండేది. అలా ఎందుకు జరగలేదన్నదే అసలు కథ.

2020 జూన్ 8 నుంచి హోటళ్ళు తెరుచుకునేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన నిబంధనలు చాలామందికి గుర్తే. ఆరడుగుల దూరం, మాస్కు, తలుపు గొళ్ళాలను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో తుడవడం. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలని, బయటి గాలి వీలైనంత లోపలికి రావాలని కూడా అందులోనే ఉంది. జనం మొదటివి పట్టుకున్నారు, చివరిది వదిలేశారు. తుడిచిన గొళ్ళెం కంటికి కనిపిస్తుంది, మారిన గాలి కనిపించదు. దానికి తోడు 2020 మార్చిలో ఒక అమెరికన్ ప్రయోగశాల ఫలితం ప్రపంచమంతా పాకింది: వైరస్ ప్లాస్టిక్ మీద, స్టీలు మీద రెండు మూడు రోజులు బతికి ఉంటుందని. అదే పరిశోధనలో, గాలిలో తేలే సూక్ష్మ కణాల్లో కూడా ప్రయోగం సాగిన మూడు గంటలూ వైరస్ బతికే ఉందని రాసి ఉంది. ఆ వాక్యం మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్‌లో, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క కట్టింది: వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే జబ్బు అంటుకునే అవకాశం పది వేలలో ఒకటి కన్నా తక్కువ.

ఇప్పుడు ఆ సూక్ష్మ కణం దగ్గరికి వద్దాం. మనం మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా నోటి నుంచి తడి బిందువులు బయలుదేరతాయి. వాటిలో పెద్దవీ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి. నేల మీదికి పడే వేగం బిందువు వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది, అంటే సైజు పదో వంతైతే వేగం నూరో వంతవుతుంది. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిందువు మనిషి నోటి ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో నేల చేరుతుంది. 10 మైక్రాన్లదానికి ఎనిమిది నిమిషాల పైన పడుతుంది, 5 మైక్రాన్లదానికి అరగంట. ఒక్క మైక్రాన్ కణమైతే కదలని గాలిలో పూట పైనే తేలుతుంది. నిజానికి గాలి ఎప్పుడూ కదలకుండా ఉండదు. మన ఒంటి వేడికి చుట్టూ ఉన్న గాలి సెకనుకు పది ఇరవై సెంటీమీటర్ల వేగంతో పైకి లేస్తూ ఉంటుంది. సెకనుకు మిల్లీమీటరు కూడా దిగలేని 5 మైక్రాన్ల కణాన్ని ఆ గాలి కిందికి రానిస్తుందా? పైగా బిందువు నోట్లోంచి వచ్చిన వెంటనే ఎండిపోతూ చిన్నదవుతుంది. బయలుదేరినప్పుడు పడిపోవలసినది కూడా దారిలో తేలికై తేలిపోతుంది.

ఇదంతా 1934లోనే అమెరికన్ శాస్త్రవేత్త విలియం ఫర్త్ వెల్స్ లెక్కగట్టి చెప్పాడు. ఎండకముందే నేలను తాకేవి దాదాపు 100 మైక్రాన్లకు పైబడినవేనని ఆయన గీత గీశాడు. మరి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ "ఐదు మైక్రాన్లకు పైవన్నీ తుంపర్లే, అవి మీటరు దూరంలో పడిపోతాయి" అని ఎలా అనగలిగింది? ఈ ఐదు ఎక్కడిది? పరిశోధకులు లిన్సీ మార్, కేటీ రాండల్ బృందం పాత కాగితాలు తిరగేసి దాని జాడ తీసింది. వెల్స్ క్షయ క్రిములతో కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో, చాలా సన్నని కణాలే ఊపిరితిత్తుల అడుగుకు చేరి జబ్బు తెచ్చాయి. క్షయ అడుగుకు చేరితేనే అంటుకుంటుంది, అక్కడికి చేరాలంటే కణం సుమారు 5 మైక్రాన్ల లోపు ఉండాలి. ఊపిరితిత్తుల్లో ఎంత లోతుకు వెళ్తుందో చెప్పే ఈ అంకె, చేతులు మారుతూ మారుతూ, గాలిలో ఎంతసేపు ఉంటుందో చెప్పే అంకె అయి కూర్చుంది. ఇరవై రెట్ల తేడా! పాఠ్యపుస్తకాలు దాన్నే దశాబ్దాలు వల్లించాయి. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ధీమాగా ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగంగా ఉత్తరం రాయవలసి వచ్చింది. 2021 వసంతానికి గానీ మాట స్పష్టంగా మారలేదు.

అంతకన్నా పాత పొరపాటు ఇంకొకటి ఉంది. దగ్గరున్న వాళ్ళకే జబ్బు అంటుకుంటోంది కాబట్టి అది పెద్ద తుంపర్ల వల్లేనని 1910లో అమెరికన్ ప్రజారోగ్య అధికారి చార్లెస్ చాపిన్ తేల్చేశాడు. చుట్ట తాగేవాడి పక్కన కూర్చున్నవాడికే పొగ ఎక్కువ తగులుతుంది, అంతమాత్రాన పొగ గదంతా తేలకుండా ఉండదు. దూరం పాటిస్తే మేలు జరిగింది నిజమే, కానీ మూసిన గదిలో ఆరడుగులైనా పదడుగులైనా కాసేపటికి అదే పొగ. 2020 జనవరిలో గ్వాంగ్‌జౌ రెస్టారెంటులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో పదిమందికి సోకినప్పుడు మొదట ఏసీ గాలి తుంపర్లను నెట్టిందన్నారు. తర్వాత కొలిచి చూస్తే, మనిషికి సెకనుకు లీటరు బయటి గాలి కూడా లోపలికి రావడం లేదని తేలింది. స్ప్లిట్ ఏసీ చేసేది ఇదే. ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మన ముఖాన పంపుతుంది.

ఇక టెంటు సంగతి. నలుగురు పడుకునే గుండ్రటి టెంటులో పట్టేది సుమారు మూడు వేల లీటర్ల గాలి. నిద్రలో మనిషి నిమిషానికి ఆరు లీటర్లు పీలుస్తాడనుకుంటే నలుగురికి ఇరవై నాలుగు. చలికి జిప్పులన్నీ బిగించేస్తే, రెండు గంటల పైచిలుకులో టెంటులో ఉన్నంత గాలి వాళ్ళ ఊపిరితిత్తుల్లోంచి ఒక చుట్టు తిరిగొస్తుంది. తెల్లారి గుడ్డ లోపలి వైపు పట్టిన తేమలో చాలా భాగం ఆ ఊపిరిదే. చక్రాల మీద తిరిగే క్యారవాన్‌లోనైనా, ఇనుప కంటైనర్‌తో చేసిన గదిలోనైనా ఇదే లెక్క. ఆరుబయట ఉన్నామన్న భరోసాతో మనం దూరేది ఇంట్లో గదికన్నా ఇరుకైన డబ్బాలోకి. దీన్ని కొలవడానికి కొన్ని వేల రూపాయల కార్బన్ డయాక్సైడ్ మీటరు చాలు. బయట ఇప్పుడు సుమారు 420 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), మనం వదిలే ఊపిరిలో సుమారు 40,000. మీటరు 1,220 చూపిస్తే అదనం 800, అంటే 40,000లో రెండు శాతం. మనం పీల్చే ప్రతి యాభై ఊపిర్లలో ఒకటి ఇంకొకరు వదిలిందన్నమాట. లోపలి గాలికి సరిపడా బయటి గాలి ఒకసారి వచ్చి కలిస్తే పాతది 37 శాతం మిగులుతుంది, మూడుసార్లు వస్తే 5 శాతమే. ఎదురెదురుగా రెండు జిప్పులు జానెడు తెరిస్తే జరిగే పని అదే.

అనంతగిరికి ఈ పాఠం కొత్తదేమీ కాకూడదు. నిజాం కాలంలో క్షయ శానిటోరియం కట్టింది ఈ గుట్ట మీదే. "వికారాబాద్ కీ హవా, లాఖోఁ మరీజోఁ కీ దవా" (వికారాబాద్ గాలి లక్షల రోగులకు మందు) అన్న నానుడి పుట్టిందీ ఈ గాలికే. మందుగా చూస్తే ఆ మాట నిలబడదు. మంచి గాలి, మంచి తిండి ఉన్న శానిటోరియంలో చేరి మందులు వాడినవాళ్ళకూ, పేదల ఇరుకిళ్ళలోనే ఉండి అవే మందులు వాడినవాళ్ళకూ దాదాపు ఒకేలా నయమైందని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. ఆ తర్వాత శానిటోరియాల ప్రాభవం తగ్గిపోయింది. కానీ గాలి రోగాన్ని నయం చేయకపోయినా, పక్కవాడికి అంటకుండా పలచబరుస్తుంది. క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గూళ్ళకు పంపి, వాటికి జబ్బు రావడం చూసి, గాలిలోనే క్రిమి ఉందని వైద్యుడు రిచర్డ్ రైలీ 1950ల్లో బాల్టిమోర్‌లో రుజువు చేశాడు. శానిటోరియంతో పాటు వరండాలనూ పెద్ద కిటికీలనూ పాతకాలపు సరుకని వదిలేసి ఏసీ డబ్బాలు కట్టుకోవడం నన్ను బాధపెట్టే సంగతి.

అయితే చేతులు కడుక్కోనక్కర లేదా అంటారు. తప్పకుండా కడుక్కోవాలి, కోవిడ్ కన్నా విరేచనాల కోసం, టైఫాయిడ్ కోసం, కామెర్ల కోసం. పదిమంది ఒకే మరుగుదొడ్డి వాడే క్యాంపులో సబ్బు, నీళ్ళు లేకపోతే గాలి ఎంత ఆడినా లాభం లేదు. కిటికీ తీస్తే దోమలు వస్తాయన్నది రెండో అభ్యంతరం, న్యాయమైనదే. దోమతెర గాలిని కొంత అడ్డుకుంటుంది కాబట్టి కిటికీ ఆ మేరకు పెద్దది పెట్టాలి తప్ప మూసేయకూడదు. ఇక ఆరుబయట చలిమంట చుట్టూ పాడుకుంటే భయం లేదు కదా అంటారు. భయం బాగా తక్కువే. కానీ భుజాలు తగిలేలా కూర్చుని గొంతెత్తి పాడితే, పక్కవాడి ఊపిరి పలచబడే లోపే మన ముక్కు దగ్గరికొస్తుంది. మూసిన చోటైతే ఏమవుతుందో చూశాం: 2020 మార్చిలో అమెరికాలోని స్కాజిట్ వ్యాలీలో హాల్లో పాటల సాధనకు వచ్చిన 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు. గేటు దగ్గర జ్వరం చూడటానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు. లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి వైరస్‌ను బయటికి వదులుతాడు.

మందు కొట్టడం అనవసరమే కాదు, హానికరం కూడా. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లవద్దని 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది, అయినా చల్లారు. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఈ ప్రాంతపు బాత్‌రూముల్లో పరిచేది ఎక్కువగా తాండూరు నాపరాయి. అది సున్నపురాయి, యాసిడ్ పోస్తే బుసబుసా నురగ వచ్చి మెరుపు పోతుంది. ఆ యాసిడ్ కడగకుండానే పైన బ్లీచింగ్ నీళ్ళు పోస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, కిటికీ లేని బాత్‌రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అందుకని కొత్త కాటేజీల నక్షా గీసేవాళ్ళను అడగవలసింది ఇదే: ప్రతి గదికీ రెండు ఎదురు గోడల్లో తెరవగలిగే కిటికీలు, ప్రతి బాత్‌రూముకూ బయటికి గాలి నెట్టే ఫ్యాను, టెంట్లకు పైనా కిందా మూతపడని జాలీలు. వైరస్ ఏ పేరుతో వచ్చినా, ఏదీ రాకపోయినా వీటికి పని ఉంటుంది.