గాలమునకు ఎర: ఎంపిక, గుచ్చు పద్ధతి

ఆత్మకూరు వైపు సోమశిల, ఉదయగిరి వద్ద గండిపాలెము జలాశయములు, వానలు పడిన ఏట మీ ఊరి చెరువులు గాలపు వేటకు అనువైనవి. చేపలు పెంచు చెరువైనచో ముందుగా అనుమతి పొందవలెను.

చేప తిండిని బట్టి ఎర ఎంచుకొనవలెను. జెల్లలకు, మార్పులకు వానపాము మేలు. పేడకుప్ప అడుగున త్రవ్వి, తడిమట్టి వేసిన కుండలో నీడన ఉంచుడు. మందు చల్లిన చేలో త్రవ్వరాదు. పామును ముల్లు వెంట ఎక్కించి, కొన కదలునట్లు కొంచెము వదలవలెను.

శీలావతికి తవుడు, వేరుశనగ చెక్క, కొద్దిగా గోధుమపిండి గట్టిగా పిసికి చిన్న ఉండ పెట్టవలెను. పలుచని ముద్ద నీటిలో కరగిపోవును.

కొరమీనుకు బ్రతికిన పరిగె తగినది. వీపు రెక్క దిగువన, వెన్నెముకకు తగులకుండ పైపైన గుచ్చవలెను. వెన్నెముక తెగిన పరిగె చచ్చును; అప్పుడు ఎరలో కదలిక ఉండదు.

కప్పను ఎరగా వాడవలదు. అది వరిచేలో పురుగులను తిని మీకు మేలు చేయును. కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వము 1987లో నిషేధించినది.

వానకాలమున నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనబడినచో, క్రింద తల్లిదండ్రి కొరమీనులు కాపలా ఉండునని తెలిసికొనుడు. అచట గాలము వేయరాదు. కాపలా చేప పోయినచో పిల్లలను ఇతర చేపలు తినివేయును. మన చెరువులు ఏటా నిండునవి కావు. ఒక్క చేపకై రాబోవు చేపల నన్నిటిని పోగొట్టుకొనవలదు.