అమెరికా చాప్‌హౌసులో భోజనము

విందనగా విస్తరి నిండ వంటకములుండుట మన వాడుక. అమెరికా చాప్‌హౌసులో విందనగా ఒక్క మాంసఖండమే. ఎముకతో కూడ మందముగా కోసిన ముక్కకు చాప్ అని పేరు.

ఇట్టి భోజనశాలలు పదునేడవ శతాబ్ది చివర లండనులో వెలసి, పిమ్మట సముద్రము దాటినవి. న్యూయార్కులో 1885న ఆల్బర్ట్ కీన్ స్థాపించిన కీన్స్ శాల నేటికిని నడచుచున్నది. దాని లోకప్పున వేలకొలది మట్టి పైపులు వ్రేలాడుచుండును. పూర్వము అతిథులు తమ పైపులను అచటనే దాచుకొనెడివారు. పురుషులకే పరిమితమైన ఆ శాలపై నటీమణి లిల్లీ లాంగ్‌ట్రీ 1905లో దావా వేసి గెలిచెను. అంతవరకు స్త్రీలకు అక్కడ ఒక ముక్కైనను పుట్టలేదన్న మాట!

పనితనమంతయు వంటకు ముందే యున్నది. ఉదయము కోసిన మాంసము మధ్యాహ్నమునకే ఉడకవలెనని మనమందుము. వారు పశుమాంసమును మూడు నాలుగు వారములు చల్లని గదిలో గాలి తగులునట్లు నిలువయుంతురు. గది చలువ మంచు గట్టు స్థితికి కొంచెము పైన నుండుటచే మాంసము కుళ్ళదు. దానిలోని ఎంజైములు కండపోగులను మెత్తబరచును. నీరు కొంత ఆవిరియై రుచి చిక్కబడును. ఎండిన పైపొరను చెక్కివేయుదురు. ధర హెచ్చుటకు ఈ తరుగును ఒక కారణము. మసాలా లేదు, ఉప్పు, మిరియాలు చాలును. మన పొయ్యిలో మంట క్రింద నుండును. అక్కడి బ్రాయిలరులో సెగ పైనుండి దిగును.

ఎట్లు కాల్చవలెనని వడ్డించువాడు తప్పక అడుగును. లోపల ఎఱ్ఱగా నుండిన రేర్, గులాబిరంగున నుండిన మీడియం, పూర్తిగా కాలిన వెల్‌డన్. ముక్కనుండి కారు ఎఱ్ఱని రసము నెత్తురు కాదు; మయోగ్లోబిన్ అను మాంసకృత్తు కలిసిన నీరు. అయినను మనసొప్పనివారు వెల్‌డన్ అని నిస్సంకోచముగా చెప్పవచ్చును. వంటవాని ముచ్చటకన్న తినువాని తృప్తి ముఖ్యమని మా అభిప్రాయము. ముడిమాంసపు ముక్కల నడిమి వేడి 63 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరి, పిదప మూడు నిమిషములు ఆగవలెనని అక్కడి ప్రభుత్వ వ్యవసాయశాఖ సలహా.

బిడ్డలను చూచుటకు వెళ్ళిన మన పెద్దలు ఒకటి గమనింపవలెను. ఈ శాలలలో ప్రధానమైనది గోమాంసము. స్టేక్ అని మాత్రమే వ్రాసియున్న, అది గోమాంసమనియే గ్రహింపవలెను. దానిని ముట్టనివారికి కోడి, చేప దొరకును. కీన్స్ శాలకు పేరు తెచ్చినది గొఱ్ఱెమాంసపు చాపే. శాకాహారులకు మీగడతో వండిన పాలకూర, కాల్చిన బంగాళాదుంప కలవు. అయితే దుంపల వేపుడు ఏ కొవ్వులో వేగినదో, సూపునకు మాంసరసము వాడిరో అడిగి తెలిసికొనుట మేలు. వడ్డించువారు దీనిని తప్పుగా తలపరు.

కూరలకు వెల వేఱుగా కట్టుదురు. బిల్లుపై నూటికి 18 లేక 20 వంతులు వడ్డించినవానికిచ్చుట ఆచారము. పెద్ద ముక్కను ఇద్దరు ముగ్గురు పంచుకొనవచ్చును. మిగిలినది పెట్టెలో కట్టియిమ్మని అడుగుట అక్కడ నామోషీ కాదు. మరునాటి ఫలహారమునకు చాలమంది అట్లే కొనిపోవుదురు.