కిటికీ అద్దాలపై తేమ

గది గాలిలోని నీటి ఆవిరి చల్లని కిటికీ అద్దాన్ని తాకి నీటి బిందువులుగా మారడం సాంద్రీకరణానికి ఒక ఉదాహరణ. చలి దేశాలలోని ఇళ్ళలో ఇది సర్వసాధారణం. బ్రిటన్, కెనడా వంటి దేశాలలో స్థిరపడిన తెలుగువారికి మొదటి శీతాకాలంలోనే ఇది అనుభవంలోకి వస్తుంది. వాన నీరు లోపలికి కారుతున్నదని పొరబడడం కద్దు. నిజానికి ఆ నీటిలో అధికభాగం ఇంటిలో పుట్టినదే.

కారణం

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి అందులో ఉండగలదు. ఒక ఘనపు మీటరు గాలిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గరిష్ఠంగా సుమారు 17 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములు, 0 డిగ్రీల వద్ద 5 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. ఈ గరిష్ఠ పరిమాణంలో ప్రస్తుతం ఎంత శాతం ఉన్నదో తెలిపేది సాపేక్ష ఆర్ద్రత. గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత వద్ద ఇది 100 శాతానికి చేరుతుంది. ఆ ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. అంతకంటే చల్లనైన ప్రతి వస్తువుపైనా నీరు చేరుతుంది.

20 డిగ్రీల గదిలో ఆర్ద్రత 50 శాతమైతే తుషార బిందువు సుమారు 9 డిగ్రీలు, 70 శాతమైతే సుమారు 14 డిగ్రీలు. బయట 0 డిగ్రీలున్న రాత్రి ఒంటి పలక అద్దపు లోపలి ముఖం సుమారు 5 డిగ్రీలకు పడిపోతుంది కనుక రెండు సందర్భాలలోనూ తడుస్తుంది. మామూలు జంట పలకల అద్దం 12 డిగ్రీల ప్రాంతంలో నిలుస్తుంది. 50 శాతం వద్ద పొడిగా ఉండి, 70 శాతం వద్ద అదీ తడుస్తుంది. కావున ఖరీదైన కిటికీ వేయించినంత మాత్రాన సమస్య తీరదు. రెండు పలకల నడుమ మంచు పట్టడం మాత్రం వేరే సంగతి. అది అంచుల బిగింపు చెడిందనడానికి గుర్తు, గదిలోని తేమతో దానికి సంబంధం లేదు.

బూజు

అద్దంపై నీరు హెచ్చరిక మాత్రమే. అసలు హాని గోడ మూలలలోను, బీరువాల వెనుకను జరుగుతుంది. ఉపరితలం వద్ద ఆర్ద్రత చాలాకాలం 80 శాతం దాటి ఉంటే నీరు కంటికి కనబడకున్నా బూజు పెరుగుతుంది. దాని వలన ఉబ్బసం తీవ్రమవుతుంది. పసిపిల్లలకు ముప్పు ఎక్కువ. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాలుడు 2020 డిసెంబరులో మరణించాడు. ఇంటిలోని బూజుకు చాలాకాలం గురికావడం వలన కలిగిన శ్వాసకోశ వ్యాధియే కారణమని 2022లో విచారణాధికారి నిర్ధారించారు. దరిమిలా చేసిన 'అవాబ్ చట్టం' సామాజిక గృహాల యజమానులు నిర్ణీత గడువులో తేమ, బూజు ఫిర్యాదులను పరిశీలించి సరిచేయాలని నిర్బంధించింది. దీని మొదటి దశ 2025 అక్టోబరులో అమలులోకి వచ్చింది.

ఆవిరి వచ్చే మార్గాలు

వంట, స్నానం, ఉతికిన బట్టలను గదిలో ఆరవేయడం ప్రధానమైనవి. ఒక విడత బట్టల నుండి సుమారు 2 లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. నిద్రించే మనిషి శ్వాస, చర్మం ద్వారా గంటకు సుమారు 40 గ్రాములు వెలువడుతుంది. పడకగది కిటికీ తెల్లవారేసరికి తడవడం అందుకే. వంట గ్యాసు సంగతి చాలామందికి తెలియదు. ఒక కిలో గ్యాసు మండితే దానిలోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి కిలోన్నర పైగా నీటి ఆవిరి అవుతుంది. పొగగొట్టం లేని గ్యాసు, కిరోసిను హీటర్లకూ ఇదే వర్తిస్తుంది. వాటితో కార్బన్ మోనాక్సైడు ప్రమాదం కూడా కలదు.

నివారణ

ఆవిరిని పుట్టినచోటనే బయటికి పంపడం అన్నిటికంటే మేలైన పద్ధతి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు గిన్నెపై మూత ఉంచి, వంటగది తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయాలి. స్నానం ముగిసిన తరువాత కూడా కొంతసేపు ఫ్యాను తిరగాలి. ఆర్ద్రతను 40 నుండి 60 శాతం మధ్య ఉంచడం మంచిది. గడ్డకట్టే చలిలో ఇంకా తగ్గించవలసి ఉంటుంది. దీనిని చిన్న హైగ్రోమీటరుతో కొలవవచ్చు.

చలికాలపు వాన రోజున కిటికీ తెరిస్తే తేమ తగ్గుతుందంటే నమ్మశక్యంగా ఉండదు. కాని 0 డిగ్రీల గాలిలో 80 శాతం ఆర్ద్రత ఉన్నా ఘనపు మీటరుకు 4 గ్రాముల ఆవిరి కూడా ఉండదు. అదే గాలి లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే ఆర్ద్రత 25 శాతానికి లోబడిపోతుంది. ఎదురెదురు కిటికీలను 5-10 నిమిషాలు పూర్తిగా తెరిస్తే గాలి మారుతుంది, గోడలు మాత్రం అంతగా చల్లబడవు. అద్దాన్ని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను అదే గదిలో ఆరవేస్తే నీరు మళ్ళీ గాలిలోకే చేరుతుంది.

కోస్తా ప్రాంతాలలో

విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాలలో వర్షాకాలపు పరిస్థితి దీనికి తలక్రిందులు. 28 డిగ్రీల వద్ద 90 శాతం ఆర్ద్రత గల బయటి గాలిలో ఘనపు మీటరుకు 24 గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది. 20 డిగ్రీలకు చల్లబరచిన గదిలో అంత ఇమడదు. అందువలన ఏసీ గదుల కిటికీలకు బయటివైపున చెమ్మ పడుతుంది. ఇక్కడ ఏసీ నడుస్తుండగా కిటికీ తెరవడం తేమను ఆహ్వానించడమే. ఏసీ తన చల్లని తీగచుట్టపై ఆవిరిని నీరుగా మార్చి గొట్టం ద్వారా బయటికి పంపుతుంది. గదికి మించిన సామర్థ్యం గల ఏసీ అయితే త్వరగా చల్లబరచి ఆగిపోతుంది గనుక గది చల్లగా ఉన్నా చెమ్మ పోదు.